రాజ్యాంగం తానే తూచి రాసిన మాటను జడ్జి మళ్ళీ తూచవచ్చా? నియో-కాన్‌స్టిట్యూషనలిజం చర్చ మీద నా జవాబు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, తర్వాత చదివేవాళ్ళకు పనికొస్తుంది. ఎల్‌ఎల్‌ఎం సెమినార్‌కి మీకు నియో-కాన్‌స్టిట్యూషనలిజం అనే టాపిక్, అంటే రాసిన రాజ్యాంగాన్ని జడ్జి ఎలా చదవాలన్న చర్చ, వచ్చింది, మన జ్యూరిస్‌ప్రుడెన్స్ పుస్తకాల్లో ఆ మాట ఎక్కడా దొరకలేదు. ఇది పాత నేచురల్ లాకి (చట్టానికి పైన నీతి ఉందనే సిద్ధాంతానికి) కొత్త పేరా, జడ్జీల చేతికి హద్దు లేని అధికారం ఇచ్చే సిద్ధాంతమా, పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు సవరించవచ్చో తేల్చిన మన కేశవానంద భారతి కేసుకీ దీనికీ సంబంధం ఉందా అని మూడు ప్రశ్నలు వేశారు. నేను 28 ఏళ్ళుగా హైకోర్టులో రిట్లు వాదిస్తున్నాను. అందులో 12 ఏళ్ళు సాయంత్రం పూట లా కాలేజీలో ఈ సబ్జెక్టే చెప్పాను, ఈ చర్చను మూలంలోనే చదవాలన్న పట్టుదలతో స్పానిష్ చదవడం నేర్చుకున్నాను. జవాబు పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాట ఎందుకు దొరకలేదంటే ఈ చర్చ ఇంగ్లీషులో జరిగింది చాలా తక్కువ. ఇటలీలో పుట్టి, స్పెయిన్‌లో పెరిగి, లాటిన్ అమెరికాలో కాపురం పెట్టింది. 1997లో అర్జెంటీనాలో న్యాయతత్వం మీద ప్రపంచ సభ జరిగినప్పుడు ఇటలీలోని జెనోవాకు చెందిన సుసాన్నా పొజ్జోలో ఈ పేరు వాడింది. మరుసటి ఏడు ఆమె వ్యాసం డోక్సా అనే స్పానిష్ పత్రికలో అచ్చయింది. ఆమె ఈ పేరు పెట్టింది మెచ్చుకోవడానికి కాదు. రోనాల్డ్ డ్వోర్కిన్, రాబర్ట్ అలెక్సీ, గుస్తావో జాగ్రెబెల్‌స్కీ, కార్లోస్ నినో వంటి న్యాయతత్వవేత్తల్లో కనబడే ఒక పోలికను పట్టుకుని, దాన్ని విమర్శించడానికి వాళ్ళందరి మీదా ఒక చీటీ అంటించింది. ఆ నలుగురిలో ఎవరూ తమను తాము అలా పిలుచుకున్నవాళ్ళు కారు. జెనోవా పండితులు, అంటే తారెల్లో, ఆయన తర్వాత గువస్తీని, కొమాందుచ్చి, పాజిటివిస్టు సంప్రదాయంలోనివాళ్ళు. చట్టం ఎలా ఉందో చెప్పడం వేరు, ఎలా ఉండాలో చెప్పడం వేరు అన్న గీత చెరిగిపోతే వాళ్ళు ఒప్పుకోరు. కాబట్టి పేరు ఎదుటి పక్షం పెట్టింది. తర్వాత 2003లో మెక్సికోకు చెందిన మిగెల్ కార్బొనెల్ మాడ్రిడ్‌లో ఒక వ్యాససంపుటి తెచ్చాడు, పేరు చివర బహువచనం గుర్తును బ్రాకెట్లో పెట్టాడు, ఇది ఒకటి కాదు చాలా ఉన్నాయి అని చెప్పడానికి. 2005లో బ్రెజిల్‌లో లూయిస్ రొబెర్తో బరోసో అదే పేరును సంతోషంగా తన సొంతం చేసుకున్నాడు. స్పెయిన్‌లో మనుయెల్ అతియెన్సా మాత్రం, చాలామంది ఆయన్ని ఈ జట్టులోనే వేస్తున్నా, నేను పాజిటివిస్టునూ కాను, నియో-కాన్‌స్టిట్యూషనలిస్టునూ కాను అని విడిగా వ్యాసం రాయాల్సి వచ్చింది. అందుకే ఏ వ్యాసం చదివినా మొదట చూడాల్సింది ఆ పేరు వాడుతున్నది స్నేహితుడా, విమర్శకుడా అన్నది. నా విద్యార్థులు ఎక్కువమంది తప్పు చేసింది ఇక్కడే.

పేర్ల గందరగోళం ఇంకొకటి ఉంది. 2008లో ఈక్వడార్, 2009లో బొలీవియా కొత్త రాజ్యాంగాలు రాసుకున్నాయి, ప్రకృతికి హక్కులు, ఆదివాసీ జాతులకు గుర్తింపు, ప్రజల నేరు భాగస్వామ్యం వంటివాటితో. దాన్ని 'కొత్త లాటిన్ అమెరికా రాజ్యాంగవాదం' అంటారు. అది ప్రధానంగా రాజ్యాంగాన్ని ఎవరు, ఎలా రాశారన్న దాని గురించి. నియో-కాన్‌స్టిట్యూషనలిజం రాసిన రాజ్యాంగాన్ని జడ్జి ఎలా చదవాలన్న దాని గురించి. మార్కెట్‌కి అనుకూలమైన అంతర్జాతీయ ఒప్పందాలను విమర్శించే స్టీఫెన్ గిల్ 'న్యూ కాన్‌స్టిట్యూషనలిజం' అన్నది మూడో సంగతి, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. యూరప్ ఖండంలో 19వ శతాబ్దం అంతా చట్టం అంటే పార్లమెంటు చేసిన కోడ్. జడ్జి చట్టం నోరు మాత్రమే, అది పలికినదే ఆయన పలకాలి. రాజ్యాంగం ఉన్నా అది రాజకీయ ప్రకటనలా ఉండేది, దాన్ని పట్టుకుని ఎవరూ కోర్టుకు వెళ్ళలేకపోయేవాళ్ళు. ముస్సోలినీ, హిట్లర్ వచ్చి ఆ పార్లమెంటు చట్టం పేరుతోనే ఎంత చేయవచ్చో చూపించాక, ఇటలీ 1948లో, జర్మనీ 1949లో సులువుగా మార్చలేని రాజ్యాంగాలు తెచ్చుకున్నాయి, హక్కులు రాసుకున్నాయి, వాటికి కాపలాగా రాజ్యాంగ న్యాయస్థానాలు పెట్టుకున్నాయి. ఇటలీ రాజ్యాంగ కోర్టు 1956లో తన మొట్టమొదటి తీర్పులోనే, రాజ్యాంగంలో ఉన్నవి ఆశయాలు మాత్రమే, వాటితో చట్టాన్ని కొలవకూడదు అన్న వాదనను పక్కన పెట్టింది. నియంతృత్వాల నుంచి బయటపడిన స్పెయిన్ 1978లో, బ్రెజిల్ 1988లో అదే దారిలో నడిచాయి.

జర్మనీలో 1958 జనవరి 15న వచ్చిన ల్యూట్ తీర్పు మీరు తప్పకుండా చదవాలి. ఎరిక్ ల్యూట్ హాంబర్గ్ నగరంలో ప్రెస్ అధికారి. నాజీల కాలంలో యూదుల మీద విషం చిమ్మే సినిమా తీసిన దర్శకుడు ఫైట్ హార్లాన్, యుద్ధం అయ్యాక ఏమీ జరగనట్టు కొత్త సినిమాతో వచ్చాడు. ఆ సినిమా ఎవరూ చూడొద్దని ల్యూట్ పిలుపునిచ్చాడు. నిర్మాతలు సివిల్ కోడ్‌లోని ఒక సెక్షన్ పట్టుకుని, కావాలని నష్టం కలిగిస్తున్నాడని కేసు వేసి గెలిచారు కూడా. ల్యూట్ రాజ్యాంగ కోర్టుకు వెళ్ళాడు. ఇది ఇద్దరు ప్రైవేటు మనుషుల మధ్య సివిల్ తగాదా, ఇందులోకి రాజ్యాంగం ఎందుకు వస్తుంది అన్నది ఎదుటివాళ్ళ వాదన. రాజ్యాంగంలోని హక్కులు ప్రభుత్వం నుంచి పౌరుణ్ణి కాపాడే గోడ ఒక్కటే కావు, అవి విలువల వ్యవస్థ కూడా, ఆ విలువలు చట్టంలోని ప్రతి మూలకూ వెలుగులా పాకుతాయి, సివిల్ కోడ్ సెక్షన్‌ని కూడా ఆ వెలుగులోనే చదవాలి అని కోర్టు చెప్పింది. ల్యూట్ గెలిచాడు. ఆ రోజు నుంచి అద్దె ఒప్పందం, ఉద్యోగ ఒప్పందం, పరువునష్టం, అన్నిటిలోకీ రాజ్యాంగం వచ్చి కూర్చోవడం మొదలైంది. గువస్తీని దీన్నే చట్టవ్యవస్థ రాజ్యాంగమయం కావడం అంటాడు, అలాంటి రాజ్యాంగం చొచ్చుకువస్తుంది, ఆక్రమిస్తుంది, పొంగి పొర్లుతుంది అంటాడు. స్పెయిన్‌కు చెందిన లూయిస్ ప్రియెతో సాంచిస్ చెప్పిన పోలికలు కూడా బాగా వాడుకలో ఉన్నాయి: నియమాల కన్నా సూత్రాలు ఎక్కువ, సెక్షన్ కింద కేసును ఇమడ్చడం కన్నా తూచడం ఎక్కువ, రాజ్యాంగం అన్నిచోట్లా ఉంటుంది, శాసనకర్త మాట కన్నా జడ్జి మాటకు బలం ఎక్కువ, ఒకే విలువ బదులు ఒకదానితో ఒకటి పోట్లాడుకునే విలువలు చాలా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఇది నేచురల్ లానేనా? ఇక్కడ కొమాందుచ్చి 2002లో చేసిన విభజన కంటే పదునైనది నాకు తెలియదు. ఆయన గురువుల తరంవాడైన నొర్బెర్తో బొబ్బియో పాజిటివిజాన్ని సిద్ధాంతం, భావజాలం, పద్ధతి అని మూడుగా విడదీశాడు. కొమాందుచ్చి అదే కత్తితో నియో-కాన్‌స్టిట్యూషనలిజాన్ని కోశాడు. సిద్ధాంతంగా తీసుకుంటే ఇది మన చట్టవ్యవస్థ మారిపోయింది, రాజ్యాంగమయం అయింది అని చెప్పే వర్ణన. దీనితో ఏ పాజిటివిస్టుకూ పేచీ ఉండనవసరం లేదు, కళ్ళ ముందు జరిగిందే కదా. భావజాలంగా తీసుకుంటే, ఇలా మారడం మంచిదే, దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాలి, రాజ్యాంగానికి లోబడటం మనందరి నైతిక బాధ్యత అనే వరకు వెళుతుంది. పద్ధతిగా తీసుకుంటే, నైతిక తీర్పు లేకుండా చట్టం ఏమిటో గుర్తించడమే కుదరదు అంటుంది. రాజ్యాంగంలోనే గౌరవం, సమానత్వం, న్యాయం అనే మాటలు ఉన్నాయి కాబట్టి, వాటి అర్థం తేల్చాలంటే నీతిలోకి దిగక తప్పదు అన్నది వాళ్ళ వాదన.

నేచురల్ లా వాళ్ళు నీతిని చట్టానికి బయట, పైన పెట్టారు. అక్కడి నుంచి చట్టాన్ని తీర్పు తీర్చారు. ఇక్కడ నీతి లోపలే ఉంది, రాజ్యాంగ సభ కూర్చుని, ఓటు వేసి, ఆర్టికల్ నంబరు ఇచ్చి మరీ లోపల పెట్టింది. అందుకే ఒక రకం పాజిటివిస్టులు, ఉదాహరణకు తన చివరి రాతల్లో ఇంగ్లీషు న్యాయతత్వవేత్త హార్ట్, దీన్ని తమ సిద్ధాంతంలో ఇమిడ్చుకోగలమన్నారు. మరో పాజిటివిస్టు జోసెఫ్ రాజ్ తోవలో నడిచేవాళ్ళు కుదరదన్నారు. కాబట్టి నేచురల్ లాకి కొత్త పేరు అని రాసేయకండి, మార్కులు పోతాయి. అయితే భావజాలం దగ్గర మాత్రం నిజంగా ప్రమాదం ఉంది. చట్టం కాబట్టి పాటించడం ధర్మం అని ఒకప్పుడు కొందరు పాజిటివిస్టులు అన్నారు. రాజ్యాంగం కాబట్టి పాటించడం ధర్మం అంటే అదే మాట ఒక మెట్టు పైన పెట్టినట్టు అయింది. రాజ్యాంగాల్లోనూ అన్యాయాలు ఉంటాయి, ఆ సంగతి చెప్పే చోటు మిగలాలి కదా.

ఇక మీ రెండో ప్రశ్న, జడ్జి అధికారానికి హద్దు ఉందా అన్నది. తూచడం అంటే ఏమిటో తెలియకుండా ఈ చర్చలో ఒక్క అడుగు కూడా వేయలేం, అందుకని దీని దగ్గర కాసేపు ఆగుదాం. అప్పీలు 90 రోజుల్లో వేయాలి అన్నది నియమం. 91వ రోజు వస్తే ఆలస్యం మాఫీ కోరాలి, లేదా ఇంటికి పోవాలి. అందులో కొంచెం పాటించడం, ఎక్కువ పాటించడం ఉండవు. మాట్లాడే స్వేచ్ఛ అలా కాదు, అది సూత్రం. వీలైనంత ఎక్కువగా నెరవేర్చాల్సిన ఆదేశం అంటాడు అలెక్సీ, 1985లో వచ్చిన తన గ్రంథంలో. రెండు సూత్రాలు ఢీకొన్నప్పుడు ఒకదానికి కలిగే దెబ్బ ఎంత, రెండోదానికి కలిగే మేలు ఎంత అని తూచాలి. ఆయన తరచూ చెప్పే ఉదాహరణ జర్మనీలోని టైటానిక్ అనే వ్యంగ్య పత్రిక కేసు. రెండు కాళ్ళూ చచ్చుబడిన ఒక రిజర్వు సైనికాధికారి, తన కోరిక మీద మళ్ళీ సైనిక శిక్షణకు వెళ్ళాడు. పత్రిక ఆయన్ని ఒకసారి 'పుట్టు హంతకుడు' అంది, తర్వాతి సంచికలో 'కుంటివాడు' అంది. కింది కోర్టు 12,000 మార్కుల పరిహారం వేసింది. 1992లో రాజ్యాంగ కోర్టు రెండు మాటల్ని విడివిడిగా తూచింది. మొదటి మాట ఆ పత్రిక చాలామందికి అలాంటి బిరుదులు తగిలించే శీర్షికలో వచ్చింది, వ్యంగ్యం అని చదివేవాడికి తెలుస్తుంది, దానికి అంత పరిహారం వేస్తే రేపు ఎవరూ నోరు విప్పరు, కాబట్టి అక్కడ స్వేచ్ఛే బరువు. రెండోది ఒక మనిషి శరీరాన్ని పట్టుకుని కించపరిచే మాట, అక్కడ ఆయన గౌరవమే బరువు. నేను క్లాసులో ఈ కేసు చెప్పినప్పుడల్లా పిల్లలు రెండు జట్లు అయ్యేవాళ్ళు, కానీ కోర్టు ఎందుకలా అందో అందరికీ అర్థమయ్యేది. తూకం అంటే అంత వివరంగా ఉండాలి.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. రోడ్డు వెడల్పు చేయడంలో ఇల్లు పోయిన ఒక పెద్దాయన తరఫున చాలా ఏళ్ళ క్రితం వాదించాను. ఆర్డర్‌లో రెండు పేజీలు తూకం గురించి, ప్రొపోర్షనాలిటీ గురించి పాత తీర్పుల నుంచి ఎత్తిరాసి, చివర్లో ఒకే ఒక్క వాక్యం: రెండు వైపులా తూచి చూశాం, ప్రజాప్రయోజనమే బరువుగా ఉంది. ఆయన్ని మెట్ల దగ్గర కూర్చోబెట్టి తెలుగులో చెబితే, "నా వైపు పళ్ళెంలో ఏం పెట్టారండీ?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఆర్డర్‌లో లేదు. స్పెయిన్‌లో హువాన్ అంతోనియో గార్సియా అమాదో ఎన్నో ఏళ్ళుగా అలెక్సీతో వాదిస్తున్నది దాదాపు ఇదే. తూచడం అనే ప్రత్యేకమైన పద్ధతి ఏదీ లేదు, లోపల జరిగేది మామూలుగా మాటలకు అర్థం చెప్పడం, ఎంచుకోవడం, తూకం అన్న పేరు వల్ల జడ్జి చేసిన ఎంపిక కొలత పెట్టి తేల్చినట్టు కనబడుతుంది అంటాడు. జర్మన్ తత్వవేత్త హాబర్మాస్ ఇంకో వైపు నుంచి వచ్చాడు: హక్కును కూడా మిగతా ప్రయోజనాలతో పాటు త్రాసులో వేస్తే, అది ఇక నిప్పును ఆపే గోడగా నిలబడదు అన్నాడు. ఈ రెండు విమర్శలనూ నేను పూర్తిగా ఒప్పుకోను కానీ, ఆ పెద్దాయన ప్రశ్న తర్వాత తేలిగ్గా తీసిపారేయలేకపోయాను.

లుయీజీ ఫెర్రాజోలిని మీ పేపర్లో వదిలేయకండి. హక్కుల కోసం ఆయనంత పోరాడిన న్యాయతత్వవేత్త ఇటలీలో అరుదు, మొదట్లో మేజిస్ట్రేటుగా కూడా పనిచేశాడు. అయినా 2011లో డోక్సాలో, నేను పాజిటివిస్టును, రాజ్యాంగవాదిని, రెండూ ఒకేసారి అని రాశాడు. హక్కులు సూత్రాలు కావు, గట్టి నియమాలు; శాసనసభ వాటికి విరుద్ధంగా చట్టం చేస్తే అది వైరుధ్యం, కోర్టు కొట్టేయాలి; చట్టమే చేయకపోతే అది ఖాళీ, శాసనసభ నింపాలి, కోర్టు దాన్ని ఎత్తిచూపాలి. అన్నిటినీ సూత్రాలు చేసి తూకానికి పెడితే రాజ్యాంగం పలచబడి సలహా అయిపోతుందన్నది ఆయన భయం. అతియెన్సా అదే పత్రికలో జవాబిచ్చాడు, ఈ లెక్కన కష్టమైన కేసుల్లో జడ్జి ఎలా తర్కించాలో మీరు ఏమీ చెప్పడం లేదు అని. టైం తక్కువుంటే ఆ సంచిక ఒక్కటి చదివినా మీ పేపర్‌కు వెన్నెముక దొరుకుతుంది.

నా అభిప్రాయం ఇది: రాజ్యాంగమే రెండు వైపులా తూచి, ఒక అంకె గానీ, ఒక స్పష్టమైన హద్దు గానీ రాసిపెట్టిన చోట జడ్జి మళ్ళీ త్రాసు తీయకూడదు. రాజ్యాంగం రెండు హక్కుల్ని ఎదురెదురుగా నిలబెట్టి వదిలేసిన చోట తూచక తప్పదు, అప్పుడు ఏ పళ్ళెంలో ఏం వేశారో వరసగా రాయాలి. ఇది పుస్తకంలో కూర్చుని అల్లింది కాదు, లాటిన్ అమెరికాలో 20 ఏళ్ళలో జరిగినవి చదివాక నాకు గట్టిపడిన నమ్మకం.

ముందు బొలీవియా. 2009 రాజ్యాంగం 168వ ఆర్టికల్ ప్రకారం అధ్యక్షుడు వెంటనే ఒకసారి మాత్రమే మళ్ళీ ఎన్నిక కావచ్చు. అప్పటి అధ్యక్షుడు ఎవో మొరాలెస్ ఆ హద్దు తీసేయమని 2016 ఫిబ్రవరి 21న ప్రజల్నే అడిగాడు, 51 శాతానికి పైగా వద్దన్నారు. మరుసటి ఏడు నవంబరు 28న రాజ్యాంగ ట్రిబ్యునల్ ఏం చేసిందో చూడండి. ఎన్నికల్లో నిలబడటం రాజకీయ హక్కు, అమెరికా ఖండపు మానవ హక్కుల ఒప్పందం 23వ ఆర్టికల్ దాన్ని కాపాడుతుంది, మనిషికి ఎక్కువ మేలు చేసే ఒప్పందం రాజ్యాంగం కన్నా ముందు వర్తిస్తుందని మన రాజ్యాంగమే చెప్పింది, కాబట్టి పదవీకాల పరిమితి చెల్లదు. హక్కులు, ఒప్పందం, విశాలమైన వ్యాఖ్యానం, ఒక్కొక్క మాటా నియో-కాన్‌స్టిట్యూషనలిస్టు పాఠంలోదే. ఫలితం రాజ్యాంగంలో రాసిన అంకె, ప్రజలు వేసిన ఓటు రెండూ గాలికి పోవడం. 2019 ఎన్నికలు, ఆ తర్వాత గొడవలు, మొరాలెస్ రాజీనామా మీకు తెలిసే ఉంటాయి. 2021లో ఖండపు మానవ హక్కుల కోర్టు, పదే పదే అధ్యక్షుడు కావడం మానవ హక్కు కాదని సలహా తీర్పు ఇచ్చింది. 2023 చివర్లో బొలీవియా ట్రిబ్యునల్ కూడా వెనక్కి తగ్గింది.

బ్రెజిల్ కథలో నియంతృత్వపు వాసన లేదు, అందుకే అది నాకు ఇంకా ముఖ్యం. అక్కడి రాజ్యాంగం 5వ ఆర్టికల్‌లో, శిక్ష ఖరారు చేసిన తీర్పు ఇక అప్పీలుకు వీల్లేని దశకు చేరేదాకా ఎవరినీ దోషిగా భావించకూడదని స్పష్టంగా ఉంది. 2016 ఫిబ్రవరిలో సుప్రీం ఫెడరల్ ట్రిబ్యునల్ 7-4తో, రెండో కోర్టు శిక్ష ఖాయం చేస్తే చాలు జైలుకు పంపవచ్చు అంది. బరోసో అప్పటికి ఆ కోర్టులో జడ్జి. నిర్దోషిత్వ భావన నియమం కాదు, సూత్రం, దాన్ని శిక్షాస్మృతి సమర్థంగా పనిచేయడంతో తూచవచ్చు అని ఆయన రాశాడు. ఆయన ఉద్దేశం మంచిదే, డబ్బున్నవాళ్ళు అప్పీళ్ళ మీద అప్పీళ్ళు వేసి కేసుల్ని కాలదోషం పట్టిస్తున్నారు, అది నిజం. కానీ రాజ్యాంగ సభ ఆ వాక్యం రాసినప్పుడే ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకుని, అయినా సరే అని రాసింది. 2019 నవంబరులో అదే కోర్టు 6-5తో ఆ వైఖరిని మార్చుకుంది, జైల్లో ఉన్న మాజీ అధ్యక్షుడు లూలా మరుసటి రోజు విడుదలయ్యాడు. ఈ మూడున్నరేళ్ళ పైచిలుకు కాలంలో, రాజ్యాంగంలో అంత స్పష్టంగా రాసి ఉన్నా, అప్పీలు పెండింగులో ఉండగానే జైల్లో కూర్చున్నవాళ్ళ సంగతి ఏమిటి? ఉంబెర్తో ఆవిలా 2009లోనే హెచ్చరించాడు: బ్రెజిల్ రాజ్యాంగం నిండా వివరమైన నియమాలే ఉంటే మనం దాన్ని సూత్రాల రాజ్యాంగం అని ఎందుకు అనుకుంటున్నాం అని. ఆయన మాట విని ఉంటే బాగుండేది.

ఇక్కడిదాకా చదివి నేను ఈ సిద్ధాంతానికి శత్రువు అనుకోకండి. కొలంబియాకు రండి. 1991 రాజ్యాంగం తుతేలా అనే పిటిషన్ తెచ్చింది, వకీలు అక్కర్లేదు, ఏ జడ్జి దగ్గరైనా వేయవచ్చు, 10 రోజుల్లో తేల్చాలి. అంతర్యుద్ధంలో ఊళ్ళు వదిలి పారిపోయిన కుటుంబాలు గూడు, తిండి, వైద్యం లేక ఒక్కొక్కరుగా తుతేలాలు వేస్తూ వచ్చారు. రాజ్యాంగ కోర్టు 108 ఫైళ్ళు, 1,150 కుటుంబాలవి, ఒకచోట కలిపి 2004 జనవరిలో టీ-025 తీర్పు ఇచ్చింది. ఒక అధికారి తప్పు కాదు, మొత్తం వ్యవస్థే రాజ్యాంగానికి విరుద్ధమైన స్థితిలో ఉందని ప్రకటించింది. తానే బడ్జెట్ రాయలేదు. చట్టంలో మీరే ఇచ్చిన మాటకు మీరు కేటాయించిన డబ్బు సరిపోవడం లేదు, ఎలా సరిపెడతారో మీరే చెప్పండి అని ప్రభుత్వాన్ని నిలదీసి, ఏళ్ళ తరబడి బహిరంగ విచారణలు పెట్టి వెంటపడింది. శాసనసభకు గొంతు లేనివాళ్ళ మాట వినబడనప్పుడు కోర్టు తలుపు తెరిచి ఉండాలి అంటే అర్థం ఇదే. సెక్షన్ చూపించు, లేకపోతే పో అనే పాత పద్ధతిలో ఆ కుటుంబాలకు ఏమీ దొరికేది కాదు.

అదే కోర్టు 2010 ఫిబ్రవరి 26న, అప్పటి అధ్యక్షుడు అల్వారో ఉరిబే మూడోసారి అధ్యక్షుడు కావడానికి వీలిచ్చే రిఫరెండాన్ని 7-2తో ఆపేసింది. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని స్థానంలో వేరేదాన్ని పెట్టకూడదు అన్నది అక్కడి సిద్ధాంతం. జనాదరణ ఆకాశంలో ఉన్న ఉరిబే తీర్పుకు తలవంచాడు. ఇది నా గీటురాయికి ఇబ్బంది పెట్టే కేసు అని ఒప్పుకోవాలి, సవరణకు అలాంటి హద్దు అక్కడి రాజ్యాంగంలో అక్షరాల్లో లేదు. కానీ ఆ తీర్పు ఆ సిద్ధాంతం ఒక్కదాని మీదే నిలబడలేదు, సంతకాల సేకరణకు హద్దు దాటి ఖర్చు పెట్టారని, అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌లో పద్ధతి తప్పారని రాతలో ఉన్న నియమాల ఉల్లంఘనలను ఒక్కొక్కటే చూపించింది. కాళ్ళ కింద నేల ఉంచుకుని నిలబడింది.

ఇప్పుడు మన సంగతి, మీ మూడో ప్రశ్న. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1967లో గోలక్‌నాథ్ కేసులో 6-5తో, పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని తగ్గించలేదని తీర్పిచ్చారు. దానికి రెండేళ్ళ ముందు, 1965లో, జర్మన్ ప్రొఫెసర్ డీట్రిష్ కాన్రాడ్ బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సవరణ అధికారానికి కనబడని హద్దుల గురించి ఉపన్యాసం ఇచ్చాడు. సవరణ పేరుతో జీవించే హక్కునిచ్చే 21వ ఆర్టికల్‌ని తీసేయవచ్చా, మొగల్ చక్రవర్తి పాలన మళ్ళీ తేవచ్చా అని అడిగాడు. హిట్లర్ అనుభవం నుంచి వచ్చిన ప్రశ్నలు అవి. ఆ వాదన గోలక్‌నాథ్‌లో వకీళ్ళ చేతికి వచ్చింది, 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతిలో 7-6తో మౌలిక స్వరూప సిద్ధాంతంగా, అంటే సవరణతో రాజ్యాంగపు మూల లక్షణాలను చెరపకూడదనే సిద్ధాంతంగా, నిలబడింది. ఆ ఏడుగురిలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన జస్టిస్ పి. జగన్‌మోహన్ రెడ్డి గారు ఒకరు. అంటే ల్యూట్ తీర్పు వెనక ఉన్న భయమే మన దగ్గరికీ వచ్చింది, పేరు మాత్రం రాలేదు.

మన దగ్గర నా గీటురాయి బాగా పనిచేసే కేసు మాత్రం కేశవానంద కన్నా ఉన్నికృష్ణన్, 1993. పూర్తి పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ప్రైవేటు కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గొడవ. మెజారిటీ తీర్పు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారిది. ఆ తీర్పులో రెండు భాగాలున్నాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చదువు 21వ ఆర్టికల్‌లోని జీవించే హక్కులో భాగం అన్నది ఒకటి. 45వ ఆర్టికల్ పదేళ్ళ గడువు పెట్టింది, 40 ఏళ్ళు దాటినా జరగలేదు అని రాజ్యాంగంలోని మాటనే పట్టుకుని అడిగారు. పార్లమెంటు 2002లో 86వ సవరణతో దానికి 21ఏ అని నంబరిచ్చింది. రెండో భాగం ఫ్రీ సీటు, పేమెంట్ సీటు పథకం, 50-50. ఎంసెట్ రాసి కౌన్సెలింగ్‌కు వెళ్ళిన ఆ తరంవాళ్ళకు ఆ మాటలు ఇప్పటికీ గుర్తుంటాయి. మంచి ఉద్దేశంతో కోర్టు తానే కూర్చుని తయారుచేసిన పథకం, రాజ్యాంగంలో దానికి ఆధారమైన వాక్యం లేదు, 2002లో 11 మంది జడ్జీల బెంచి టీఎంఏ పాయ్ కేసులో దాన్ని కొట్టేసింది. ఒకే తీర్పు, ఒకే చేయి, ఒక సగం రాజ్యాంగంలో భాగమైపోయింది, రెండో సగం పదేళ్ళు కూడా నిలవలేదు.

జడ్జీల నియామకాల్లో 'సంప్రదింపు' అన్న రాజ్యాంగపు మాటను 1993లో 'సమ్మతి'గా చదవడం నా దృష్టిలో బ్రెజిల్ తప్పుకు దగ్గరి బంధువు, జడ్జీల స్వతంత్రత కోసం అన్న ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను, అయినా అంతే. సుబ్బారావు గారు 1962లో ఖరక్‌సింగ్ కేసులో మెజారిటీతో విభేదించి, జస్టిస్ షా గారితో కలిసి, గోప్యత స్వేచ్ఛలో భాగమే అని రాసిన దాన్ని 2017లో తొమ్మిదిమంది బెంచి నిలబెట్టడం దానికి పూర్తిగా ఎదుటి వైపుది. అక్కడ స్వేచ్ఛ అన్న విశాలమైన మాటనే రాజ్యాంగం మనకు ఇచ్చింది, దాని లోపల ఏముందో చెప్పడం జడ్జి పనే.

మౌలిక స్వరూపం నా గీటురాయి మీద నిలుస్తుందా అని మీరు అడుగుతారు. సవరణ అధికారం గురించి చెప్పే 368వ ఆర్టికల్‌లో అలాంటి హద్దు రాసి లేదు, ఒప్పుకుంటాను. కానీ కేశవానంద తీర్పు వచ్చిన రెండేళ్ళకే, 1975లో, ప్రధాని ఎన్నికను కోర్టులు ముట్టుకోకూడదని 39వ సవరణ వచ్చింది, ఆ నవంబరులో సుప్రీంకోర్టు ఈ సిద్ధాంతంతోనే ఆ భాగాన్ని కొట్టేసింది. సవరణ అధికారం ఎన్నికల మీద నిలబడింది, ఎన్నికల్నే తీర్పుకు అందకుండా చేస్తే ఆ అధికారం తన కాళ్ళు తానే నరుక్కున్నట్టు. ప్రజలు రేపు మనసు మార్చుకునే దారిని మూసేసే సవరణను ఆపడం వరకే ఈ సిద్ధాంతం వాడాలి, బొలీవియా ట్రిబ్యునల్ చేసింది సరిగ్గా ఆ దారిని మూయడమే. ఈ వాదనలో బలహీనత ఉంది, అది నాకు తెలుసు, మీ సెమినార్‌లో ఎవరైనా అక్కడే పట్టుకుంటారు. 1976లో, ఎమర్జెన్సీ నిర్బంధాల మీద వచ్చిన హేబియస్ కార్పస్ కేసులో నలుగురు జడ్జీలు అక్షరాన్ని పట్టుకుని జీవించే హక్కునే వదిలేశారు కదా, మీ అక్షరం మీద గౌరవం అక్కడికి తీసుకెళ్ళదా అంటారు. దానికి నా జవాబు, ఎమర్జెన్సీలో మనిషి ప్రాణం తీయవచ్చని రాజ్యాంగం ఎక్కడా తూచి రాయలేదు. 359వ ఆర్టికల్ కోర్టుకు వెళ్ళే దారిని ఆపడం గురించి చెప్పింది, ప్రాణం మీద అధికారం ఇవ్వలేదు. ఆ బెంచిలో జస్టిస్ ఖన్నా ఒక్కరే ఆ తేడా చూశారు.

పేపర్‌కి పనికొచ్చే సలహా చివరగా ఒకటి. నియో-కాన్‌స్టిట్యూషనలిజం మంచిదా చెడ్డదా అని టైటిల్ పెట్టకండి, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. కొమాందుచ్చి మూడు ముక్కలతో మొదలుపెట్టి, బొలీవియా 2017, కొలంబియా 2004, ఉన్నికృష్ణన్ 1993, ఈ మూడు తీర్పుల్లో రాజ్యాంగ వాక్యం ఏముంది, జడ్జి దానికి ఏం కలిపాడు అని పక్కపక్కనే పెట్టి చూపండి. అర్జెంటీనా పండితుడు రొబెర్తో గర్గరేల్లా చెప్పే మాట కూడా చూడండి: లాటిన్ అమెరికా రాజ్యాంగాలు హక్కుల జాబితా పెంచుకుంటూ పోయాయి, అధ్యక్షుడి చేతిలో ఉన్న ఇంజిన్ గదిని మాత్రం ముట్టుకోలేదు అంటాడు. బొలీవియా ట్రిబ్యునల్ ఎందుకలా చేసిందో అర్థం కావాలంటే తూకం సిద్ధాంతం ఒక్కటే చాలదు, ఆ జడ్జీల్ని అక్కడికి చేర్చిన పద్ధతి కూడా చూడాలి. అక్కడ అభ్యర్థుల్ని ముందు శాసనసభ ఎంపిక చేస్తుంది, తర్వాత ప్రజలు ఓటు వేస్తారు, శాసనసభలో మూడింట రెండొంతులు అప్పుడు అధ్యక్షుడి పార్టీదే. ల్యూట్ తీర్పు ఇంగ్లీషు అనువాదం సులువుగా దొరుకుతుంది, స్పానిష్ వ్యాసాల్లో ఏదైనా పేరా అర్థం కాకపోతే ఇక్కడే రాయండి, వారాంతంలో తెలుగులో వివరిస్తాను.